చేతికి తగిలిన బంతి: టీకా తాత్పర్య సహితము

మూలము: చేతికి తగిలిందా, పట్టాల్సిందే.

అవతారిక: అమెరికన్ ఫుట్‌బాల్‌లో లాంగ్ పాస్ నేలపాలైనప్పుడల్లా, స్లో మోషన్ నాలుగోసారి చూపించి మరీ టీవీ పండితులు సెలవిచ్చే సూత్రమిది.

ప్రతిపదార్థము: చేతికి = రిసీవరు చేతికి (విసిరిన క్వార్టర్‌బ్యాక్ చెయ్యి ఇక్కడ వివక్షితము కాదు); తగిలిందా = గోటికొస సోకినా చాలు. తక్కినది సుగమము.

విశేషము: ‘రిసీవరుకు విసిరెను’ అని లోకవ్యవహారము. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి. ‘కు’ పక్కనే ‘యొక్క’ ఉన్నది గనుక బంతి రిసీవరుకు, తప్పు రిసీవరు యొక్క అని టీవీ పండితుల అన్వయము కాబోలు. చెల్లదు. నలభై గజాల పాసు చేయి విడిచేటప్పటికి రిసీవరు ఆ చోట ఉండనే ఉండడు. చేరబోయే చోటునందు విసురుతారు, కనుక సప్తమి. ఆ చోటు ఎవరు తేల్చాలి? వెనుక కాపలా కాసే ప్రత్యర్థి సేఫ్టీ ఎటు జరిగాడో చూసి, నేరుగా పోవాలా లోపలికి తిరగాలా అని రిసీవరు పరుగులోనే నిర్ణయించుకునే ఎత్తుగడలున్నాయి. అదే క్షణాన క్వార్టర్‌బ్యాకూ అదే అనుకోవాలి. చెరోలా అనుకున్నారా, బంతి ఖాళీ గడ్డి మీద పడుతుంది. కనుక తృతీయ, ‘తోడన్’. ఇక ‘వలన’ సంగతి: రిసీవరు చేతుల్లోంచి ఎగిరి ప్రత్యర్థికి చిక్కిన బంతిని కూడా లెక్కల పుస్తకం క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే ఇంటర్‌సెప్షన్‌గా రాస్తుంది. టీవీది ఒక అన్యాయం, పుస్తకానిది ఇంకొకటి. ద్వితీయ కూడా మిగిలింది గాని, ఇంతకీ బంతి ఎక్కడ?

ఉదాహరణము: 2012 ఫిబ్రవరి 5, ఇండియానాపొలిస్, 46వ సూపర్‌బౌల్. పేట్రియట్స్ 17–15తో ముందున్నారు, ఆట ఇంకో నాలుగు నిమిషాలు. వారి రిసీవరు వెస్ వెల్కర్ పక్కన ఎవరూ లేరు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విసిరిన బంతి పరుగుకు ఎదురుగా రాలేదు; ఎత్తుగా, వెనక్కి వచ్చింది. వెల్కర్ గాలిలో మెలితిరిగాడు. రెండు చేతులకూ తగిలింది, జారింది. తప్పు నాదేనని అతనే ఒప్పుకున్నాడు. అయ్యా, అసలు మెలితిరగవలసిన గతి ఎందుకు పట్టింది? కాసేపటికి ప్రత్యర్థి జెయింట్స్ తరఫున ఈలై మానింగ్ 38 గజాల పాసు గీత పక్కకు, ఇద్దరు కాపలాదారుల నడుమ జార్చాడు. మారియో మానింగ్‌హామ్ రెండు పాదాలూ గీత లోపలే ఆనించి పట్టాడు. ఆ బంతిలో ఎవరి వాటా ఎంత? పట్టినప్పుడు ఇద్దరినీ పొగిడే నోరు, జారినప్పుడు ఒక్కడినే తిడుతుంది.

తాత్పర్యము: ఇది ద్వంద్వ సమాసము, ఉభయపదార్థ ప్రధానము. పండితులు దీన్ని తత్పురుషగా విడదీసి, చివర ఉన్నవాడి నెత్తినే మోపడం ఇకనైనా మానాలని మనవి.