వంక లేని గీత: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఆనందపురం అనగానే లోకానికి పూల మార్కెట్టు గుర్తొస్తుంది. ఆ పూలు పరిచే బల్లలకు కాళ్లు, దుకాణాలకు చట్రాలు, చుట్టుపక్కల లేస్తున్న కొత్త ఇళ్లకు గేట్లు చేసిపెట్టే వెల్డింగు షెడ్ల మీద మాత్రం ఇంతవరకు ఎవరూ వ్యాఖ్యానం రాయలేదు. జంక్షన్‌కు కాస్త ఎడంగా ఉన్న అలాంటి ఒక షెడ్డులో, కటింగ్ మెషీన్ వెనక గోడకు కొట్టిన రేకు మీద రెడాక్సైడ్‌తో రాసిన పద్యం ఒకటి ఉంది. కర్త పేరు లేదు. దాని కింద ఇంకో పద్యం ఉండేదనడానికి మిగిలిన రెండు తలకట్లే సాక్ష్యం. ఆ భాగాన్ని ఎవరో అతుకు కోసం కోసుకుపోయారు. పండితులు దీన్ని గ్రంథపాతం అంటారు. కోసినవాడు పై పద్యం చదవలేదని ఆ కోత చూస్తేనే తెలుస్తుంది.

ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు మల్లినాథసూరి. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగానికి కట్టుబడి ఉంటాడు.

మూలం

కోయబోవు ముందు గుండ్రని పైపుకు
కాగితమును చుట్టి గట్టిగాను
అంచు మీద నంచు హత్తుకొన్నప్పుడె
వంక లేని గీత వచ్చునయ్య

ఛందస్సు ఆటవెలది. యతులు నాలుగూ కుదిరాయి. అకారానికి హకారం చెల్లుతుంది గనుక మూడో పాదం మీద గొడవ అక్కర్లేదు. దోషం ఒక్కటే. రెండో పాదం చివర ‘గాను’, మూడో పాదం మొదట ‘అంచు’. ఉకారానికి అచ్చు తగిలితే సంధి జరగాల్సిందేనని చిన్నయసూరిని ఓ మాదిరిగా చదివినవాళ్లకైనా తెలుసు. జాయింట్లు అతికి బతికేవాడు పద్యంలో జాయింటు తెరిచి వదిలేశాడేమిటని ఆక్షేపణ. దీనికి మా సమర్థన: ముక్కలు ముందు పక్కపక్కన పేర్చి కొలత చూసుకుంటారు, ఆ తరవాత ట్యాకింగు, ఆఖర్న పూర్తి వెల్డింగు. పద్యం ఇంకా పేర్చే దశలోనే ఉంది. ‘గాను’లోని ‘ను’ పాదపూరణానికి వేసింది. షెడ్డులో అలాంటిదాన్ని ప్యాకింగు అంటారు.

ప్రతిపదార్థం

కోయబోవు ముందు = స్విచ్చి మీద చెయ్యి పడకముందే; గుండ్రని పైపుకు = గుండ్రని గొట్టానికి (స్క్వేర్ పైపును కవి వదిలేశాడు, దాని సంగతి కింద చూద్దాం); కాగితమును = నిటారైన అంచుగల కాగితపు పట్టీని; చుట్టి = ఒక చుట్టు పూర్తిచేసి రెండో చుట్టులోకి వచ్చేలా చుట్టి; గట్టిగాను = కాగితానికీ పైపుకీ మధ్య సందు లేకుండా; అంచు మీదన్ అంచు = మొదటి చుట్టు అంచు మీద రెండో చుట్టు అంచు; హత్తుకొన్నప్పుడె = వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసినప్పుడు మాత్రమే; వంక లేని = వంకర లేనిది, సాకు చెప్పాల్సిన పని లేనిది కూడా; గీత = కోతకు గుర్తు; వచ్చున్ = ఏర్పడుతుంది; అయ్య = ఓ హెల్పరూ!

తాత్పర్యం

నాయనా, నీ కంటిని నమ్మకు. కాగితం తన అంచును తాను కలుసుకున్నప్పుడు గీత గీసి, ఆ గీత మీద కొయ్యి.

విశేషాలు

కాగితమే ఎందుకు? గుండ్రని పైపు మీద మూలమట్టం ఆనడానికి చదునైన చోటు లేదు. టేపుతో రెండు మూడు చోట్ల కొలిచి చుక్కలు పెట్టి కలుపుదామంటే, కొలవడానికి ఆధారమైన పైపు మూతే వంకరగా ఉండొచ్చు; షాపులో గ్యాసుతోనో, తొందరలోనో కోసి ఇచ్చిన మూతి అయితే చెప్పనే అక్కర్లేదు. కాగితం మడత పడుతుంది గాని సాగదు. నిటారు అంచున్న పట్టీని గొట్టం చుట్టూ తిప్పితే దానికి రెండే గతులు. బయలుదేరిన చోటికే వచ్చిందా, అది గొట్టానికి నిలువు కోణంలో ఉన్న వలయం. రాలేదా, అది బోల్టు మర. తిరుగుతూ పక్కకు జరిగిపోతూ ఉంటుంది. ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు జరిగితే కోత మొదలుకీ చివరకూ మధ్య ఆ మిల్లీమీటరు మెట్టు మిగులుతుంది. పద్యం గొప్పతనమంతా మూడో పాదంలో ఉంది. గీత సరిగా వచ్చిందా లేదా అని వేరే పరికరం తెచ్చి చూడనక్కర్లేదు. తప్పొస్తే కాగితమే చెప్పేస్తుంది, అదీ కొయ్యకముందే.

పట్టీ వెడల్పు ఎంత ఉంటే అంత మంచిది. సన్నటి పట్టీ అంచు కలిసినట్టే కనబడి మోసం చేస్తుంది. పాత క్యాలెండరు షీటు శ్రేష్ఠం: దళసరిగా ఉంటుంది, అంచు మెషీన్ మీద తెగింది. కత్తెరతో కత్తిరించిన అంచును ప్రమాణంగా తీసుకుంటే గురువు లేని విద్యే.

శంక: “అంగుళం పైపని అంగుళం లెక్కన కాగితం కోసాను గురూగారూ. సుట్టుకి సాల్లేదు. ఏటిది?”

సమాధానం: అంగుళం వ్యాసానికి చుట్టుకొలత దాదాపు 80 మిల్లీమీటర్లు. కాని అంగుళం జీఐ పైపు బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు, చుట్టు 106. మీడియం రకం గోడ మందం 3.2 గనుక లోపలి వ్యాసం 27.3. అంటే బయట కొలిచినా, లోపల కొలిచినా అంగుళం ఎక్కడా దొరకదు. నామమాత్రపు అంగుళం. ఐఎస్ 1239 ప్రమాణంలోనే ఇలా ఉంది కాబట్టి దుకాణదారుణ్ణి తిట్టి లాభం లేదు. పైపు మీద చుట్టి చూసి కాగితం కత్తిరించు, పేరు చూసి కాదు.

శంక: “స్క్వేర్ పైపుకీ కాగితమేనా?”

సమాధానం: కాదు. అక్కడ మూలమట్టం. ఒక ముఖం మీద గీత గీసి, ఆ గీత కొస నుంచి పక్క ముఖం మీదికి తిరిగి, అలా నాలుగు ముఖాలూ చుట్టి రావాలి. నాలుగో గీత మొదటిదాన్ని కలవాలి. ఇదీ మూడో పాదమే, వేషం మారింది. అయితే మట్టం పిడిని ప్రతిసారీ చేతికి అందిన ముఖానికి ఆనించడం మహాపాపం. పక్కపక్కనున్న రెండు ముఖాలనే ఆధారంగా ఎంచుకుని, చివరిదాకా వాటినే నమ్ముకోవాలి. ఎందుకంటే స్క్వేర్ పైపు పేరుకే స్క్వేరు. దాని మూలలు గుండ్రం, ఏదో ఒక ముఖం మీద అతుకు ఉంటుంది. చదునైన రేకు పట్టీని వంచి, అంచులు కలిపి వెల్డ్ చేసి, నలుచదరంగా నొక్కి తీసిన వస్తువది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఉక్కునగరం ఇంత దగ్గర్లో ఉంది గనుక ఈ పైపులు అక్కడివేనని షెడ్డులో సగంమంది నమ్మకం. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం చేసేవి కడ్డీలు, తీగచుట్టలు, యాంగిళ్లు, చానళ్లు వగైరా పొడుగు సరుకు. పైపుకు కావలసిన చదును పట్టీ దాని సరుకు కాదు. అదే షెడ్డులో మూలన పడున్న యాంగిల్‌కు ఆ గౌరవం దక్కవచ్చు. పైపు మాత్రం పరదేశి.

శంక: “ఇన్ని గీతలెందుకండీ? పద్నాలుగంగుళాల డిస్కు మెషీన్ ఉంది. పైపు పెట్టి నొక్కితే తెగిపోతది.”

ఇది పూర్వపక్షాలన్నిటిలోకీ బలమైనది, వినగానే నిజమనిపిస్తుంది. ఖండన: మెషీన్ తెగకోస్తుంది, నిలువుగా కోస్తానని ఎక్కడా మాట ఇవ్వలేదు. పైపు ఆనుకునే వెనక పట్టీ రెండు బోల్టుల మీద తిరుగుతుంది. నిన్న ఎవరో నలభైఐదు డిగ్రీల కోతకు తిప్పి, సాయంత్రం కంటితో వెనక్కి జరిపి వెళ్లుంటారు. ఇరవై అడుగుల పైపులో మూడడుగులు మెషీన్ మీద, మిగతాది గాలిలో ఉంటే, ఆ బరువుకు అవతలి కొస వాలి, ఇటుపక్క వైస్‌లో పైపు తల పైకి లేస్తుంది. అవతల అదే ఎత్తుకు ఒక స్టూలు వేస్తే పోయేదానికి గేటు పోగొట్టుకుంటారు. ఇక డిస్కు. మూడు మిల్లీమీటర్ల మందమున్న రాయి బిళ్ల అది. తొందరపడి బలం వేస్తే పక్కకు ఒరుగుతుంది. పై ముఖంలో గీత మీదే దిగి, కింది ముఖంలో ఇంకోచోట తేలుతుంది. మెషీన్ తన బరువుతో తాను దిగాలి, చెయ్యి ఊరికే తోడుండాలి. చేతి గ్రైండరుతో కోసేవాళ్లు నాలుగు ముఖాలూ విడివిడిగా గీత వెంట కోస్తారు. అది మంచి పద్ధతే, గార్డు పీకెయ్యనంతవరకు.

హాక్సా శాఖవారి మతం వేరు. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదివిన పెద్ద మేస్త్రీలు ఈ శాఖకు చెందినవారు. బ్లేడు పళ్లు ముందుకు చూడాలి, పల్చటి గోడకు అంగుళానికి 32 పళ్ల బ్లేడు, ఒకే దెబ్బలో అవతలికి పోకుండా కాస్త కోసి పైపు తిప్పి మళ్లీ కాస్త, ఆఖర్న మూలమట్టం పట్టి ఆకురాయితో సాపు. చెమట ఎక్కువ, తప్పు తక్కువ. ఏసీ మెకానిక్కుల రాగి పైపు కట్టరు శాఖ ఇంకొకటి: చిన్న చక్రం పైపు చుట్టూ తిరిగి తన గాడిలోనే తాను పడుతుంది. అదీ మూడో పాదమే. కాగితం పని చక్రం చేస్తుంది. లోపలికి మడిచిన అంచును గీకెయ్యడం మాత్రం మరవకూడదు.

రెండో మూలం

రేకు మీద లేనిది, షెడ్డులో నోటిమాటగా నడిచేది ఒక సూత్రం ఉంది: “ముక్క తిప్పి మూతి పెట్టు.”

నాలుగు పదాలు. అల్పాక్షరం, సందేహానికి చోటు లేనిది. సూత్ర లక్షణాలన్నీ పట్టాయి. అర్థం: కోసిన రెండు ముక్కల్లో ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని దాని అక్షం మీదే సగం చుట్టు తిప్పి, మూతికి మూతి ఆనించి చూడు. తిప్పకుండా ఆనిస్తే ఎంత వంకర కోతైనా అందంగా కలిసిపోతుంది, ఎందుకంటే ఇద్దరిదీ ఒకే వంకర. తిప్పితే ఒకరి వంకర ఇంకొకరి వంకరకు ఎదురుపడి సందు రెట్టింపవుతుంది. యాభై మిల్లీమీటర్ల పైపులో ఒక డిగ్రీ తేడా అంటే 0.87 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. తిప్పి పెడితే అదే 1.75 అవుతుంది, నాణెం అంచు దూర్చి చూడాలనిపించేంత సందు.

శంక: “ఒక డిగ్రీకి ఇంత రాద్ధాంతమా? ఆ సందు రాడ్డుతో నింపేస్తే పోద్ది కదా.”

సమాధానం: పోదు. రెండు మీటర్ల గేటు కమ్మీని ఆ మూతి మీద ఆనించి నిలబెడితే అవతలి కొస 35 మిల్లీమీటర్లు తప్పుతుంది. బలవంతంగా లాగి ట్యాకింగు వేశావనుకో, సందున్న పక్క రాడ్డు ఎక్కువ కరుగుతుంది, ఎక్కువ పోసినచోట చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, చట్రం ఆ పక్కకే లాగేస్తుంది. పైగా గోడ మందం రెండు మిల్లీమీటర్లే అయితే సందు నింపబోయి చిల్లు పెడతావు. అప్పుడు సుత్తి తీస్తావు. సుత్తి ప్రయోగం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఈ సూత్రం మూలమట్టానికీ వర్తిస్తుంది. నిటారు అంచున్న చెక్కకు మట్టం ఆనించి ఒక గీత, దాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత. రెండూ విడిపోతే మట్టం కిందపడి దెబ్బతిన్నదన్నమాట. పెద్ద గేటయితే మట్టం చాలదు, అప్పుడు శుల్బసూత్రాలే శరణ్యం. యజ్ఞవేదికకు మూలలు పట్టడానికి తాడును 15, 36, 39 పాళ్లుగా లాగమన్నాడు ఆపస్తంబుడు. మన షెడ్డులో మూడు, నాలుగు, అయిదు అడుగులతో సరిపెట్టుకుంటారు. తాడు బదులు టేపు.

పరిశిష్టం

మొదటి పద్యం చెప్పనిది ఒకటి మిగిలింది. గీత సరే, డిస్కును దానికి ఏ పక్కన దింపాలి? డిస్కు తినే మూడు మిల్లీమీటర్లు ఎవరి ఖాతాలో పోతాయి? ఆరు మీటర్ల పైపును 600 మిల్లీమీటర్ల చొప్పున పది ముక్కలు చేయమంటే హెల్పరు కోసినప్పుడల్లా మిగిలిన పైపు మీద 600 కొలిచి గీత గీసి, గీతకు అవతలి పక్కన డిస్కు దింపి, తొమ్మిది ముక్కలు అచ్చంగా తీస్తాడు. తొమ్మిది కోతలకు 27 మిల్లీమీటర్లు డిస్కు పాలు. పదో ముక్క 573. నిలువుగా, నున్నగా, పద్యానికి లక్ష్యంలా తెగి ఉంటుంది, దేనికీ సరిపోదు. పూలబల్లకు నాలుగో కాలుగా దాన్నే వేసి, కింద ఒక రాయి పెట్టి, “కొత్తల్లో అలగే ఊగుతాది బాబూ, సర్దుకుంటాది” అని పార్టీకి అప్పజెప్పేవాళ్లూ ఉన్నారు. పోయిన రెండో పద్యం ఈ విషయం మీదే అయి ఉంటుందని మా ఊహ.