ఏటవాలు నాది కాదు

నేను లెన్స్‌ని. అందులోనూ షిఫ్ట్ లెన్స్‌ని. 24 మిల్లీమీటర్లు, ఆటోఫోకస్ లేదు, బరువెక్కువ. చికాగోలో ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరాల షాపులో అద్దాల బీరువాలో ఉండగా, తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఓ అమ్మాయి నన్ను కొనుక్కుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు. ఆదివారం తెల్లారితే నన్నూ ట్రైపాడ్‌నూ భుజాన వేసుకుని టవర్ల కోసం బయల్దేరుతుంది. పెళ్లిళ్లు తీయదు, పువ్వులు తీయదు. నాకూ అదే కావాలి, నన్ను చేసిందే కట్టడాల కోసం.

ఎత్తయిన మేడ కింద నిలబడి కెమెరాను పైకెత్తితే ఏమవుతుందో ఫోన్ ఉన్నవాళ్లందరికీ తెలుసు. నిలువు గీతలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరకొచ్చేస్తాయి, మేడ వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. తప్పు మేడది కాదు. కెమెరా వెనక్కి వాలినప్పుడు లోపలున్న సెన్సర్ కూడా వాలుతుంది, గోడకూ దానికీ సమాంతరం తప్పుతుంది. నేనుంటే కెమెరా తలెత్తక్కర్లేదు. మట్టం చూసి దాన్ని నిటారుగా నిలబెట్టి, నా పక్కనున్న మర తిప్పితే నేనొక్కదాన్నే పైకి జరుగుతాను, 12 మిల్లీమీటర్ల దాకా. మామూలు లెన్స్ ఫ్రేముకు సరిపడా బొమ్మ వేసి ఊరుకుంటుంది. నేను వేసే బొమ్మ 67 మిల్లీమీటర్ల వెడల్పున్న వృత్తం. ఫ్రేము ఐమూలగా కొలిస్తే 43 మిల్లీమీటర్లే. మిగిలిన ఆ చోటే నా బలం.

దీనికి అసలు పరీక్ష మిషిగన్ అవెన్యూ మీద ఉంది. జాన్ హాన్‌కాక్ సెంటర్. 2018లో ఆ పేరు తీసేశారు, ఇప్పుడు డోర్ నంబరుతో పిలవాలట. ఊరివాళ్లకు మాత్రం అది హాన్‌కాకే. 1969లో పూర్తయింది. 100 అంతస్తులు, 344 మీటర్లు. అడుగున 265 అడుగుల పొడవు, 165 వెడల్పు. కప్పు దగ్గరికి పోయేసరికి 160, 100. అంటే ఇది నిజంగానే పైకి పోయేకొద్దీ సన్నబడే కట్టడం. మామూలు లెన్స్ పైకెత్తి తీసిన ఫొటోలో ఆ సన్నదనం కట్టడానిదెంతో, లెన్స్ కల్పించిందెంతో విడదీయలేరు. నాలోంచి చూసినప్పుడు కనిపించే ఏటవాలు అంతా దానిదే. బ్రూస్ గ్రాహం గీసిందీ, ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ లెక్కగట్టిందీ ఏదో అదే. నేను దానికి ఏమీ కలపను. అంతకన్నా గొప్ప పని నాకు తెలియదు.

అయితే దూరం కావాలి. ఫ్రేమును నిలువుగా పెట్టి, నన్ను పూర్తిగా పైకి జరిపినా, కప్పు దాకా పట్టాలంటే దాదాపు 275 మీటర్లు వెనక్కి పోవాలి. అందుకే ఓక్ స్ట్రీట్ బీచ్ ఇసుక మా స్థలం. అక్కడ సరస్సు గాలికి ట్రైపాడ్ కదలకుండా ఆమె దానికి సంచీ వేలాడదీస్తుంది.

పోయిన వేసవిలో వాళ్ల నాన్నగారు వచ్చారు. ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇసుకలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంత ఎత్తుది, ఈ గాలికి ఊగదుటమ్మా?"

"ఊగుతుంది నాన్నా. కాస్త ఊగనివ్వాలి. ఎక్కువ ఊగకుండా పట్టి ఉంచేది ఆ ఇంటూ మార్కులే."

ఆయన ఇంకాసేపు చూశారు. "దొడ్డి గేటుకి ఏటవాలుగా బద్ద కొడతాం చూడు. అది లేకపోతే నాలుగు రోజుల్లో గేటు వాలిపోద్ది."

"అంతే నాన్నా. సరిగ్గా అదే."

ఆ ఒక్క మాటతో ఆయనకు మొత్తం అర్థమైపోయింది. నల్లటి ఆ ఇంటూ మార్కులు అలంకారం కాదు. ఒక్కోటి 18 అంతస్తుల పొడవున గోడంతా పాకి, కట్టడం బరువునూ గాలి తోపునూ కలిపి నేలకు దించుతాయి. ఢాకాలో పుట్టిన ఖాన్ చేసిన పని అది: మోసే ఉక్కును బయటి గోడలకు తెచ్చాడు. సియర్స్ టవర్‌కి అదే ఆలోచనను ఇంకో దారిలో నడిపాడు. 75 అడుగుల చదరపు గొట్టాలు తొమ్మిది, ఒకదాన్నొకటి ఆనుకుని లేస్తాయి. 50వ అంతస్తులో రెండు ఆగుతాయి, 66లో రెండు, 90లో మూడు. చివరికి రెండే 442 మీటర్ల దాకా పోతాయి. ఎక్కడ ఏది ఆగిందో లెక్కపెట్టడం మొదలుపెడితే ఆ టవర్‌ను చూడటం వచ్చినట్టే. ఎత్తు అంకె ఒక్కటే చెప్పి ఊరుకునేవాళ్లను చూస్తే నాకు బాధ.

వలస పక్షులు దాటే వసంతంలో, శరదృతువులో రాత్రిపూట హాన్‌కాక్ నెత్తిన దీపాలు ఆర్పేస్తారు. వెలుగుకు దారితప్పి పక్షులు అద్దాలకు కొట్టుకుని చచ్చిపోతాయని. ఫొటోలకు వెలుగు తగ్గినా నేను ఆ చీకటి పక్షమే.

ఆ రోజు బీచ్ తర్వాత ఆమె నాన్నగారిని మొనాడ్‌నాక్ బిల్డింగ్‌కి తీసుకెళ్లింది. ఉత్తరపు సగం 1891 నాటిది, 16 అంతస్తులు, బరువు మోసే ఇటుక గోడలు. ఆయన తలుపు దగ్గర ఆగి గోడ మందాన్ని జానలతో కొలిచారు. అడుగున ఆరడుగులు. "ఇంకో పది అంతస్తులు లేపాలంటే కింద గది మిగలదు" అన్నారు. దక్షిణపు సగం రెండేళ్ల తర్వాత ఉక్కు చట్రంతో లేచింది. ఆ రెండు సగాలూ కలిసేచోట చెయ్యి పెడితే, హాన్‌కాక్‌కు దారి ఎక్కడ మొదలైందో వేలికి తగులుతుంది.

ఆ రోజు ఆఖర్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పక్కన పచ్చికలో ఒంటరిగా నిలబడ్డ ఆర్చి దగ్గరికెళ్లాం. ఆడ్లర్, సలివన్ అనే ఆర్కిటెక్టులు 1894లో కట్టిన స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనానికి అది వాకిలి. భవనాన్ని 1972లో కూల్చేశారు. అదే ఊళ్లో సియర్స్ టవర్ పైకి లేస్తున్న రోజులవి. రిచర్డ్ నికెల్ అనే ఫొటోగ్రాఫర్ సలివన్ కట్టడాలను ఏళ్ల తరబడి తీశాడు, కూల్చొద్దని వీధిలో నిలబడ్డాడు, కూలుతున్నవాటిలోంచి చెక్కిన ముక్కలను మోసుకొచ్చి దాచాడు. 1972 ఏప్రిల్‌లో అలా ఈ స్టాక్ ఎక్స్ఛేంజ్ లోపలికెళ్లినప్పుడు భవనం అతని మీద కూలింది. 43 ఏళ్లు. వారాల తర్వాత గానీ దేహం దొరకలేదు. ఆ భవనంలోని ట్రేడింగ్ రూమును మిగిలిన ముక్కలతో మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు.

ఆమె ఇదంతా చెబుతుంటే నాన్నగారు ఆర్చి మీది చెక్కడాన్ని దగ్గరగా చూస్తున్నారు. "నువ్వు తీసేవాటికి కొలతలు రాసి పెట్టుకో తల్లీ" అన్నారు.

గోడకు సమాంతరంగా తీసిన ఫొటోలో, ఒక్క కిటికీ వెడల్పు తెలిస్తే ఆ గోడ మీది మిగతా కొలతలు గుణించి రాబట్టొచ్చు. వాలిన ఫొటోలో అంత తేలిక కాదు. అందుకే ఇప్పుడు ప్రతి ఫొటోకూ ఆమె తేదీ, గోడకు ట్రైపాడ్ దూరం, నన్ను ఎన్ని మిల్లీమీటర్లు జరిపిందీ నోటు పుస్తకంలో రాస్తోంది. మొనాడ్‌నాక్ ఉత్తరపు సగంతో మొదలుపెట్టాం. డియర్‌బోర్న్ స్ట్రీట్ వైపు గోడ నడుస్తోంది, అది కాగానే జాక్సన్ వైపు.