పసిపిల్లలకూ ఒక సంఘం కావాలి

రామగుండం, గోదావరిఖని బొగ్గు గనుల ప్రాంతంలో ప్రణాళికలకు కొదవ లేదు. ఓపెన్‌కాస్టులో ఏ బెంచీ ఎప్పుడు తవ్వాలి, తీసిన మట్టి ఎక్కడ పోయాలి, ఆ మట్టి గుట్ట ఎంత ఎత్తు లేవాలి, బొగ్గు అయిపోయాక దాని మీద ఏ చెట్లు నాటాలి, అన్నీ ముందే రాసి పెట్టుకుంటారు. గని మూసే ఖర్చు కోసం గని నడుస్తుండగానే ఎస్క్రో ఖాతాలో ఏటా డబ్బు జమ చేస్తారు. బతికుండగానే కర్మకాండలకు డబ్బు దాచుకునే ముందుచూపు అది. ఇంత దూరం చూడగలిగిన చోట, ప్రాథమిక పాఠశాల పక్కన పసిపిల్లలకు నాలుగు గదులూ, వాడకట్టు జనం కూర్చోవడానికి ఒక హాలూ కట్టాలంటే మాత్రం అందరి చూపూ ఒక్కసారిగా మందగిస్తుంది. "చూద్దాం" అంటారు. చూస్తూనే ఉన్నారు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975 అక్టోబర్ 2న. ఆరేళ్లలోపు పిల్లలు నలభై మంది ఉండి, అంగన్‌వాడీ లేని వాడ ఏదైనా అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువంతా ఒకే దశ అనీ, అంగన్‌వాడీలను బడి ఆవరణలోకి తెమ్మనీ 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఎలా తేవాలో 2025లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. చెప్పాల్సినవాళ్లంతా చెప్పేశారు. ఇక చెప్పాల్సింది స్థలం ఎవరిదన్న సంగతే.

అక్కడే ఉంది చిక్కంతా. ఈ పట్టణంలో అడుగు తీసి అడుగు వేస్తే భూమికి యజమాని మారతాడు. ఒక రోడ్డు బొగ్గు కంపెనీ సింగరేణిది, దాని పక్క మోరీ కార్పొరేషన్‌ది, మోరీ అవతల ఎన్టీపీసీ గోడ, గోడ చివర రైల్వే పట్టా, ఆ తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ. మధ్యలో మిగిలిన జానెడు జాగాలో ఏదో ఒక పార్టీ జెండా గద్దె.

ఒక సమావేశం ఊహించుకుందాం. ఇది ఎక్కడా జరగలేదు. అందుకే ఇందులో అందరూ నిజమే మాట్లాడతారు.

"బడి జాగ ఇస్తం సార్. కాని ఆరేండ్లు నిండిన పిల్లలే మా లెక్క," అంటారు విద్యాశాఖ సారు.

"నిండనోళ్లు మా లెక్క. బిల్డింగు మాత్రం మా లెక్క కాదు," అంటారు శిశు సంక్షేమ మేడం.

"బిల్డింగు మేం కడతం. జాగ కంపెనీది," అంటారు కార్పొరేషన్ ఇంజినీరు.

"ఎన్ఓసీ ఇయ్యాలంటే కింద బొగ్గు లేదని తేలాలె," అంటారు కంపెనీ సారు.

"తేలిందా సార్?"

"కింద బొగ్గున్నది. లేకుంటే మనమందరం ఇక్కడెందుకుంటం?"

చాయ్ వస్తుంది. బిస్కట్లు వస్తాయి. సమావేశం వాయిదా పడుతుంది.

డబ్బు లేకనా అంటే, అదీ కాదు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని యజమాని కట్టే రాయల్టీకి అదనంగా, పాత లీజైతే అందులో 30 శాతం, వేలంలో పాడుకున్న కొత్త లీజైతే 10 శాతం ఆ నిధికి జమ చేయాలి. అది గని దెబ్బ తిన్న ఊళ్ల కోసం. దాంట్లో ముందు వరసలో ఖర్చు పెట్టాల్సిన పనుల జాబితాలో చదువు ఉంది, ఆరోగ్యం ఉంది, మహిళా శిశు సంక్షేమం ఉంది. ఇది కాక 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల సగటులో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పల్లెలో అయితే ఉపాధి హామీ నిధులు కలిపి అంగన్‌వాడీ భవనానికి 12 లక్షల దాకా ఇచ్చే పద్ధతి వచ్చింది. గోదావరిఖనిలో పుట్టిన పిల్లకు ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే ఆమె పుట్టింది కార్పొరేషన్ హద్దు లోపల. కాన్పు నొప్పులు మొదలవగానే తల్లి ఆటో ఎక్కి హద్దు రాయి దాటి ఉంటే బాగుండేది.

కాబట్టి ఎవరూ డబ్బు లేదనరు. పద్దు లేదంటారు. రెండు సంచుల్లో డబ్బు ఉంటుంది. ఏ సంచి మూతి విప్పాలన్నా రెండో సంచివాళ్లు ముందు విప్పాలి.

ఇటలీలో రెజ్జో ఎమీలియా అని ఒక పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో దాని పక్క ఊరివాళ్లు, జర్మన్లు వదిలేసి పోయిన ఒక ట్యాంకునూ కొన్ని లారీలనూ గుర్రాలనూ అమ్మి, ఆ డబ్బుతో పసిపిల్లల బడి కట్టుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా వెళ్లి చూసి వచ్చే పసిపిల్లల చదువు పద్ధతికి అదే పునాది. పాత ఇనుము విషయంలో మనం ఇటలీకి తీసిపోతామా? 1971 నుంచి కరెంటిచ్చిన రామగుండం 62.5 మెగావాట్ల పవర్‌హౌసు 2024లో ఆగిపోయింది. ఒక ట్యాంకుకు ఒక బడి వస్తే ఒక పవర్‌హౌసుకు ఎన్ని బళ్లు రావాలో మూడో తరగతి పిల్లవాడు లెక్క కట్టగలడు. కట్టడానికి వాడికి తరగతి గది ఉండాలి, అది వేరే సంగతి.

సరే, అన్నీ కుదిరి కేంద్రం కట్టారే అనుకుందాం. అది ఎన్ని గంటలకు తెరుస్తారు? ఈ ప్రశ్న ఏ ప్లాన్‌లోనూ కనపడదు. గోడ మందం ఉంటుంది, కిటికీ కొలత ఉంటుంది, గోడ మీద వేసే కుందేలు బొమ్మ రంగు కూడా ఉంటుంది. కాని ఇక్కడ ఊరు లేచేది సైరన్‌తో. మొదటి షిఫ్టు మస్టర్ పడే వేళకు అంగన్‌వాడీ తాళం కూడా తీయరు. పొద్దున పని మీద పోయే తల్లి, తొమ్మిది గంటల దాకా పిల్లను ఎవరి చేతిలో పెట్టి పోవాలి? ముసలమ్మ ఉంటే ముసలమ్మ. లేకుంటే పక్క క్వార్టర్ అక్క. అదీ లేకుంటే ఎనిమిదేళ్ల పెద్ద బిడ్డ, ఆ రోజుకు బడి మానేసి. అంటే మనం ప్రాథమిక పాఠశాల పక్కన కట్టాలనుకుంటున్న కేంద్రం లేకపోవడం వల్ల ఆ ప్రాథమిక పాఠశాలలో కూడా ఒక పేరు ఖాళీ అవుతోంది. ఇంత సూటి లెక్క మనవాళ్లకు తెలియక కాదు. టన్నుల్లో లేని లెక్క వాళ్ల కంటికి ఆనదు.

చట్టం ఈ విషయం ఎప్పుడో ఆలోచించింది. 1952 గనుల చట్టం కింద, ఆడవాళ్లు పనిచేసే గని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలకు క్రెష్ ఉండాలని 1966లో నియమాలే రాశారు. అదే చట్టం ఆడవాళ్లను బాయిలోకి దిగనివ్వలేదు. 2019లో ఆ అడ్డు కొంత తీసి, సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటిపూట భూగర్భంలోకి, అన్ని పనులకూ ఓపెన్‌కాస్టులో రాత్రి షిఫ్టుకు కూడా రావచ్చన్నారు. తండ్రి ఉద్యోగం, భర్త ఉద్యోగం కారుణ్య నియామకం కింద అందుకుని వచ్చిన ఆడబిడ్డలు ఇప్పుడు ప్రతి ఏరియాలోనూ ఉన్నారు. వాళ్ల హెల్మెట్‌తో ఫొటో తీసి మహిళా దినోత్సవం నాడు పత్రికలకు ఇస్తారు. ఫొటో తీసేటప్పుడు ఆమె చంటిబిడ్డ ఎక్కడున్నదని ఎవరూ అడగరు, ఫ్రేములో లేదు కదా.

పర్మినెంటు ఉద్యోగికైతే క్వార్టరుంది, ఆసుపత్రి ఉంది, కంపెనీ బడి ఉంది, లాభాల్లో వాటా ఉంది. 2024లో 33 శాతం ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారి తలా 5,000 రూపాయలు ఇచ్చారు, మంచిదే. కాని ఊడ్చే తల్లి, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే తల్లి పిల్లకు దిక్కు అంగన్‌వాడీయే. అక్కడ టీచరమ్మ పని చూడాలి మీరు. ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గు కావాలంటే దాని మీదున్న ఇన్ని ఘనపు మీటర్ల మట్టి ముందు ఎత్తిపోయాలని ఒక లెక్క ఉంటుంది. పిల్ల చేతిలో ఒక గుడ్డు పెట్టాలంటే ఎన్ని రిజిస్టర్లు ఎత్తిపోయాలో ఆ లెక్క మాత్రం ఇంతవరకూ ఎవరూ వేయలేదు. దానికి తోడు పోషణ్ ట్రాకర్ యాప్. ఇంటికి బాలామృతం ప్యాకెట్ ఇవ్వాలంటే ఇప్పుడు తల్లి ముఖాన్ని ఫోన్ గుర్తుపట్టాలి. బంకర్ కింద బొగ్గు ఊడ్చి వచ్చిన కోడల్ని అత్తే గుర్తుపట్టదు, ఫోనేం పడుతుంది?

ఈలోగా 2025లో రాష్ట్రం 210 సర్కారు బళ్లలో ప్రీ ప్రైమరీ తరగతులు పెడతామంది. పెట్టాల్సిందే. కాని మా పిల్లల్ని తీసుకుపోతే మా కేంద్రాల గతేమిటని అంగన్‌వాడీ టీచర్లు రోడ్డెక్కారు. యాభై ఏళ్లు ఎవరికీ పట్టని నాలుగేళ్ల పిల్ల, హాజరు పట్టీలో సంఖ్యగా మారగానే రెండు శాఖలకు ముద్దుబిడ్డ అయింది. ఇద్దరినీ ఒకే ఆవరణలో కూర్చోబెట్టే ఉమ్మడి కేంద్రం ఇందుకే కావాలి. ఇందుకే రాదు కూడా.

ఓపెన్‌కాస్టు దగ్గరి వాడల్లో ఇంకో సమస్య ఉంది. మధ్యాహ్నం అన్నం తిని పిల్లలు పడుకునే వేళకే బ్లాస్టింగు పడితే? నిబంధనలున్నాయి. 1997లో గనుల భద్రతా డైరెక్టరేట్ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తక్కువ పౌనఃపున్యంలో, కంపెనీది కాని ఇంటిని సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగం దాకా అదరగొట్టవచ్చు. కంపెనీ సొంత ఇంటిని 10 దాకా. చారిత్రక కట్టడాన్ని మాత్రం 2 దాటి కదిలించకూడదు. గోడలకు ఇన్ని తరగతులున్నాయి, పిల్లల నిద్రకు ఒక్క తరగతీ లేదు. నా సలహా ఒకటే: ఈ కేంద్రాన్ని చారిత్రక కట్టడాల కింద నమోదు చేయించాలి. భవనం ఇంకా కట్టలేదు కదా అంటారేమో. ప్రతిపాదనకు పురావస్తు శాఖ అర్హత ఎప్పుడో వచ్చింది.

అసలు లోపం పిల్లలదే. వాళ్లకు సంఘం లేదు. మన దగ్గర ఏ కులం వాళ్లు అడిగినా సంఘ భవనం వస్తుంది. జాగా వస్తుంది, నిధులొస్తాయి, కరీంనగర్ గ్రానైట్ మీద పేర్లు చెక్కిన శిలాఫలకం వస్తుంది. ఆరేళ్లలోపు వాళ్లు ఒక కులంగా ఏర్పడి ఉంటే ఈపాటికి రెండంతస్తులు లేచేవి. పోనీ కార్మిక సంఘంగానైనా ఏర్పడలేదు. 2023 డిసెంబర్ 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. ఏఐటీయూసీ గెలిచింది. ఎన్ని జెండాలు, ఎన్ని హామీలు, ఎన్ని గేట్ మీటింగులు! ఆ జెండాల్లో ఉయ్యాల గుర్తు ఒక్కటీ కనపడలేదు.

కాబట్టి సంఘం పెట్టాల్సిందే. సభ్యత్వం పుట్టిన నాటి నుంచి ఆరేళ్లు నిండేదాకా. కోరికలు ఎక్కువేం ఉండవు: బడి పక్కనే గదులు, మొదటి షిఫ్టుకు ముందే తెరిచే తలుపు, కింద కూర్చుంటే ఎత్తు సరిపోయే కిటికీ, తల్లులకు ఒక హాలు, దాన్ని పెళ్లిళ్లకు అద్దెకివ్వమని రాతపూర్వక హామీ. కాదంటే సమ్మె నోటీసు. ఫలానా రోజు పొద్దున సభ్యులందరూ ఎవరి తల్లి కొంగు వాళ్లు పట్టుకుని వదలరు. ఆనాటి మస్టర్ ఎంత పడిందో, ఉత్పత్తి ఎంత తగ్గిందో సాయంత్రానికల్లా జీఎం ఆఫీసులో తేలుతుంది. భూమి ఎవరిదో కూడా తేలుతుంది.

చర్చలకు పిలుపు వచ్చేసరికి అధ్యక్షురాలికి ఆరేళ్లు నిండి సభ్యత్వం పోతుందని తెలుసు. ఉపాధ్యక్షుడు సిద్ధంగా ఉన్నాడు. వాడికిప్పుడు పదో నెల.