బటన్ టైరు పద్యానికి ‘పంక్చరు సంజీవని’

మూలం

గట్టు దారి కొకటి గరుసునేల కొకటి
కొట్టు నిండ టైర్లు కొనఁగవచ్చు
ముల్లు గుచ్చినపుడు ముచ్చటైన బటన్లు
తోయు వేళ నీకు తోడురావు

అవతారిక

మెదకు సీమ కొలిచారంవాడు మల్లినాథసూరి కాళిదాసుకు ‘సంజీవని’ రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఆయనకు చెల్లింది. నాకు చెల్లదు. ఈ పద్యంలో ఉన్నదానికన్నా లేనిదే ముఖ్యం. ఆ సంగతి తర్వాత తేలుతుంది. పైగా మూలం నాదే, టీకా నాదే. తన పద్యానికి తానే వ్యాఖ్య రాసుకోవడం మర్యాద కాదంటారు. ఇంకెవరూ రాయరని తెలిసినవాడికి వేరే దారి లేదు.

పద్యం పుట్టిన చోటు గుడిబండ నుంచి బాగేపల్లి పోయే అడ్డదారి. మాసం కార్తీకం, పొద్దు పదకొండు. కవి బండి వెనక టైరు గాలి దిగి రింగు మీద కూర్చుంది. చుట్టూ సర్కారు తుమ్మ తప్ప మరో నీడ లేదు. నాలుగు కిలోమీటర్లు తోశాడు. మొదటి కిలోమీటరులో తిట్లు వచ్చాయి, రెండోదాంట్లో పద్యం వచ్చింది, మిగిలిన రెండింట్లో యతులు సరిచూసుకున్నాడు.

బాగేపల్లికి పాఠాంతరం ఉంది. 2025 జూలైలో నంది కొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం ఈ ఊరి పేరు భాగ్యనగరంగా మార్చాలని నిర్ణయించింది. ఆ పేరు వినగానే తెలుగువాడు చార్మినారు వైపు బండి తిప్పుతాడు కాబట్టి ఇక్కడ పాత పాఠమే గ్రహించాం.

ప్రతిపదార్థం

గట్టు దారికిన్ = కొండదారికి; ఒకటి = ఒక రకము; గరుసునేలకున్ = గులకరాళ్ళు కలిసిన ఎర్రనేలకు; ఒకటి = మరియొక రకము; కొట్టు నిండన్ = అంగడి నిండా ఉన్న; టైర్లు = టైర్లను; కొనఁగవచ్చున్ = (డబ్బు గలవాడు) కొనవచ్చును; ముల్లు = తుమ్మముల్లు; గుచ్చినపుడు = దిగినప్పుడు; ముచ్చటైన = ఫొటోలో బాగుండునట్టి; బటన్లు = రబ్బరు దిమ్మలు; తోయు వేళన్ = బండిని తోసుకొనిపోవునప్పుడు; నీకున్ = నీకు; తోడు రావు = సాయపడవు.

తాత్పర్యం

ఓ బండివాడా! దారికో టైరు అంగట్లో దొరుకుతుంది. ముల్లు దిగాక మాత్రం బండీ నువ్వూ మిగులుతారు.

విశేషాలు

“కొట్టు” కోస్తా మాట. చిక్కబళ్ళాపురంలో గానీ చింతామణిలో గానీ అంగడి అంటారు. ‘కొనఁగ’కు యతి కుదరాలని కవి కోస్తాకు పోయివచ్చాడు. టైరు కోసం బెంగళూరు పోయివచ్చినవాడికి ఇది పెద్ద దూరం కాదు.

“గట్టు దారి”. నంది కొండ ఇక్కడ విషయం కాదు. 1,478 మీటర్ల ఎత్తు దాకా తారు రోడ్డే. ఆదివారం తెల్లవారకముందే పైకెక్కే బండ్లకు కావలసింది టైరు కాదు, పార్కింగు. స్కందగిరి నడిచి ఎక్కేది. కవి చెప్పే గట్టు దారి గుడిబండ చుట్టుపక్కల, అంబాజీదుర్గం వైపు గొర్రెలు తొక్కి చేసిన బాట. అందులో రెండు రకాల రాయి తగులుతుంది. ఒకటి పరుపుబండ. ఎత్తైన బటన్లు దాని మీద వంగిపోయి బండి తూలుతుంది. అక్కడ పట్టునిచ్చేది మెత్తని రబ్బరు, నేలకు ఆనే వైశాల్యం. రెండోది క్వారీ చెక్కు. పలక విరిగినచోట కత్తి అంచు ఉంటుంది, అది టైరు అడుగును కాదు, పక్కగోడను వెతుక్కుంటూ వస్తుంది.

“గరుసునేల”. ఈ సీమ అసలు స్వరూపం ఇదే. కింద గట్టినేల, పైన బొటనవేలు గోరంత గులకలు. రాగులు ఒలికిన బండ మీద కాలు పెట్టిచూడండి, ఆ జారుడే ఇది. బటన్ గట్టినేలలోకి దిగదు, గులకల్ని పక్కకు నెట్టి దాని అంచు నేలను పట్టుకోవాలి. అందుకు దూరదూరంగా ఉన్న పొడుగు బటన్ల కన్నా దగ్గరగా, పొట్టిగా, అంచులు తేరి ఉన్న దిమ్మలే మేలు. దూరపు బటన్లకు వేరే కాలం, వేరే నేల ఉన్నాయి. చెరువు అడుగు బంకమట్టిలో టైరు తిరిగేకొద్దీ మట్టి ఎగిరిపడాలంటే మధ్యలో సందు ఉండాలి. సందు లేకపోతే రెండు చుట్లకే టైరు బురదముద్ద అవుతుంది. అయితే ఒకప్పుడు అడ్డంగా తోలుకుపోయిన చెరువులు కొన్నిట్లోకి ఇప్పుడు బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీరు వచ్చి చేరుతోంది. దారి పాతదే కదా అని దిగకండి. చిత్రావతి ఏటి ఇసుకలో కూడా దూరపు బటన్లే తెడ్లలా పనిచేస్తాయి.

ఏ టైరుకూ లొంగని నేల ఒకటుంది. కోతల కాలంలో ఊరి ముందు తారు రోడ్డు మీదే రాగి వెన్నులూ ఉలవ చెట్లూ పరిచి, పోయే బండ్లతోనే నూర్పిడి చేయిస్తారు. ఎండిన గడ్డి మీద బ్రేకు వేస్తే దేవుడు కనిపిస్తాడు. నెమ్మదిగా పోవడమే శాస్త్రం.

“టైర్లు”. ఇక్కడ ఒక సూత్రగ్రంథాన్ని ఉదహరించాలి. అది టైరు పక్కగోడ మీదే ఉంటుంది: 90/90-21 ఎం/సి 54ఎస్ టి.టి. ఇంత క్లుప్తంగా పాణిని రాశాడు, తర్వాత రబ్బరు కంపెనీలు రాశాయి. మొదటి 90 వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో 90 కూడా మిల్లీమీటర్లే అనుకోవడం పూర్వపక్షం. సిద్ధాంతం ఏమంటే అది శాతం: వెడల్పులో నూటికి తొంభై పాళ్ళు ఎత్తు, అంటే 81 మిల్లీమీటర్లు. 21 రింగు వ్యాసం, అంగుళాల్లో. ఒకే సూత్రంలో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిసి కాపురం చేస్తున్నాయి. ఇది మణిప్రవాళ శైలి. ఎం/సి అంటే మోటారు సైకిలుదని. 54 అంటే ఆ టైరు 212 కిలోల బరువు మోస్తుందని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుందని. ఈ దారిలో కవి వేగం 18. సున్నా ఒకటి అధికపాఠం. టి.టి. అంటే ట్యూబు వేసే టైరు. తోసే టైరు అని కవిగారి నిరుక్తం.

21 అంగుళాల ముందు చక్రం రాయిని ఎక్కే కోణం తక్కువ. అందుకే 2016లో వచ్చిన హిమాలయన్ బండికీ 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ బండికీ అదే పెట్టారు. ఎక్స్‌పల్స్ వెనక 120/80-18. కొందరు ఇంకా వెడల్పు తొడిగి మురుస్తారు. చైనుకు రాసుకున్న రోజున ఆ మురిపెం తీరుతుంది.

అదే పక్కగోడ మీద ఒకచోట చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. కాలనిర్ణయం పండితుల పని కదా అని కవి చూడలేదు. బెంగళూరులో ఒక అంగడివాడు ‘కొత్త స్టాకు’ అని అంటగట్టిన టైరు మూడేళ్ళ పాతదని బాగేపల్లి పంక్చరు కుర్రవాడు వేలు పెట్టి చూపించాడు. “బటన్ గోటితో నొక్కండి సార్, దిగదు” అన్నాడు. దిగలేదు. రబ్బరు గట్టిపడితే బటన్ ఎంత ఎత్తున్నా పరుపుబండ మీద అది గాజే.

“ఒకటి, ఒకటి”. ఈ ద్విరుక్తి మీద వాదం ఉంది. చింతామణి తాలూకా కైవారమే భారతంలోని ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుణ్ణి చంపింది అక్కడేననీ స్థలపురాణం. చక్రాల గురించి రాసేవాడు ఆ ఊరికి దణ్ణం పెట్టకుండా పోకూడదు. ఆ ఏకచక్ర న్యాయంగా, ముందు చక్రానికి ఒకటి వెనక చక్రానికి ఒకటి వేరుగా ఎంచుకోవాలని కవి హృదయమని ఒక పక్షం. నాకిది నచ్చింది. వెనక టైరు జారితే బండి తోక ఊపుతుంది, సర్దుకోవచ్చు. ముందు టైరు జారితే నేల మీద ఉంటాం. కానీ మనవాళ్ళు వెనక లావుపాటి బటన్లు వేసి, ముందు అరిగిన టైరుతో సరిపెడతారు, వెనకదే ఫొటోలో పడుతుందని.

“ముచ్చటైన బటన్లు”. ఇందులో అలంకారం వ్యాజస్తుతి: పొగిడినట్టుండి తిట్టడం. నిండు బటన్ టైరు తారు మీద గుయ్యిమని పాడుతుంది, వానలో బ్రేకు వేస్తే ఆలస్యంగా వింటుంది, వేడెక్కి తొందరగా అరుగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. బెంగళూరు నుంచి బాగేపల్లి దాకా 44వ నంబరు జాతీయ రహదారి, దాదాపు నూరు కిలోమీటర్ల తారు. గట్టు దారి పది, పదిహేను. పది కోసం నూరింటిని పాడుచేసుకునేవాడికి బటన్లు ముచ్చటే, బండికి కాదు. సగం తారుకు, సగం మట్టికి చేసిన ఫిఫ్టీ-ఫిఫ్టీ టైరు ఈ సీమకు సరిపోతుందని వ్యాఖ్యాత మతం. చిక్కబళ్ళాపురంలోనే ఉండి, తారు ఎక్కకుండా మట్టిలోనే తిరిగేవాడు ఈ వాక్యం దాటేయవచ్చు.

ఆక్షేపం: ఇంత శాస్త్రం ఎందుకు? కవి తోసుకుపోతుంటే అదే బాటలో ఒక పెద్దాయన టీవీఎస్ ఎక్సెల్ మీద, తనకన్నా ఎత్తైన మల్బరీ కొమ్మల మోపు కట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన టైరు వెడల్పు రెండున్నర అంగుళాలు, రింగు పదహారు. బటన్లు లేవు. నడిమి గీతలు కూడా సగం అరిగాయి. ఆగి, “ఏమప్పా, ఇంత పెద్ద బండి పెట్టుకోని తోసుకోని పోతాండావా?” అని అడిగాడు.

సమాధానం: ఆయన బండి తొంభై కిలోల లోపు, కవి బండి నూటయాభై పైన. ఆయనకు ఆ బాటలో ప్రతి రాయీ పేరుతో తెలుసు. ఆయన పోయేది పట్టుపురుగులకు మేత వేయడానికి, కవి పోయేది ఊరికే. ఇది గట్టి సమాధానం కాదని వ్యాఖ్యాతకు తెలుసు. పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు. “ముల్లు ఈడ అందరికీ కుచ్చుతాది. నేను పంపు పెట్టుకోనుంటా.” మోపు కింద నుంచి సైకిలు పంపు పిడి కనిపిస్తోంది. కొట్టి చూశాం. గాలి ఎంత పోస్తే అంతా పోయింది.

ఇక పద్యంలో లేని మాట. గట్టు ఉంది, గరుసు ఉంది, ముల్లు ఉంది, గాలి లేదు. కవి మరిచాడని కొందరంటారు. కాదు. గాలి కంటికి కనపడదు, కనుక వాచ్యం కాకూడదు, అది ధ్వని. టైరులో ప్రాణం ఎలా కనపడకుండా ఉందో పద్యంలోనూ అలాగే ఉంది. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుడికి బండి ఉంటే ఈ ఉదాహరణే ఇచ్చేవాడు.

ఆ ధ్వనికి వివరణ. తారు మీద కంపెనీ చెప్పిన లెక్కే పోయాలి. గరుసులోకి దిగేముందు ఇరవై పీఎస్‌ఐ దగ్గరికి తగ్గిస్తే అదే టైరు వెడల్పుగా పరుచుకుని, రాయి మీద ఎగరకుండా దాన్ని మింగుతుంది. వేల రూపాయల కొత్త టైరు చేసే పనిలో సగం, వాల్వు పిన్ను నొక్కి కాస్త గాలి వదిలితే ఊరికే అవుతుంది. అలాగని మరీ వదలకూడదు. పదిహేనుకు దిగితే ట్యూబు రాయికీ రింగుకూ మధ్య నలిగి, పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. టైరు రింగు మీద జారి ట్యూబు మెడ, అంటే వాల్వు, తెగిపోతుంది కూడా. తిరిగి హైవే ఎక్కేటప్పుడు గాలి పోయకపోతే టైరు వేడెక్కుతుంది. కనుక వదలడం తెలిసినవాడి దగ్గర పోసే పంపు ఉండాలి.

“తోయు వేళ”. ఈ వేళ రాకుండా ఉండాలంటే టైరుతో పాటు మందపు ట్యూబు కొనాలి. సంచిలో పంపు, రెండు లీవర్లు, ప్యాచీలు, 21 అంగుళాల ట్యూబు ఒకటి ఉండాలి. అది ముందుకు సరిగ్గా, వెనక చక్రానికి ఇరుకుగా సర్దుకుని ఇల్లు చేరుస్తుంది. రెండు ట్యూబులు మోయనక్కర్లేదు. ఇంత తెలిసిన కవి సంచిలో ఆ రోజు కెమెరా ఉంది.

బాగేపల్లి చేరాక ఆ పంక్చరు కుర్రవాడు టైరు విప్పి, లోపల అరచేయి పెట్టి తడిమి, శ్రావణంతో ముల్లు లాగి నా చేతిలో పెట్టాడు. రెండు బటన్ల మధ్య సందులోంచి దిగింది. ఇంటికొచ్చి కొలిచాను. ముల్లు నాలుగు సెంటీమీటర్లు. బటన్ ఎత్తు ఒకటి.