సంఖ్యోపాసకుడు

లోకమున కొందరికి ధనముపై మక్కువ, కొందరికి కీర్తిపై మక్కువ. మా సంఖ్యోపాసకునికి మాత్రము నాలుగంకెలు దాటిన ప్రతి సంఖ్యపైనను పుత్రవాత్సల్యమే. బస్సు టిక్కెట్టు చేతికి వచ్చినంతనే తక్కినవారు కూర్చుండుటకు చోటు వెదకుకొనుచుండగా, ఆయన నిలుచున్నచోటనే ఆ టిక్కెట్టు సంఖ్యను మూడుచేతను, ఏడుచేతను, పదకొండుచేతను భాగించి, శేషము మిగిలినచో నిట్టూర్చి, మిగులనిచో కండక్టరును అభినందించును.

ఆయన ఇలవేల్పు 142857. కొత్తవాడొకడు చిక్కెనా, పెండ్లిచూపులలో వరుని గుణగణములు ఏకరువు పెట్టు మేనమామవలె ఆరంభించును:

"ఒకటిని ఏడుతో భాగించండి, దశాంశబిందువు దాటాక ఈ ఆరంకెలే అంతులేకుండా తిరుగుతాయి. రెండుతో హెచ్చవేయండి, 285714. మూడుతో, 428571. ఆరుదాకా ఏ అంకెతో హెచ్చవేసినా అవే అంకెలు, అదే వరుస, మొదట నిలిచేది మాత్రమే వేరు. ఏడుతో హెచ్చవేశారా, అన్నీ తొమ్మిదులే! వర్గం కట్టండి, 20408122449. దాన్ని 20408 అనీ, 122449 అనీ విరిచి కూడండి, మళ్లీ 142857 ప్రత్యక్షం!"

"ఎనిమిదితోనో?" అని శ్రోత నోరుజారి అడిగెనా, 1142856 అను ఆ వికారరూపమును చూచియు ఆయన చలింపడు. "ముందు చొరబడిన ఆ ఒకటిని తీసుకుపోయి చివరి ఆరుకు కలపండి, ఏం లోటు వచ్చింది?" అని గద్దించును. తన దేవత శీలమునందు దోషమెన్ను వానితో ఆయనకు మరునాడు మాటలుండవు.

ఇది వెర్రి యని ఎవరైన నవ్వినచో పూర్వులను సాక్ష్యమునకు పిలుచును. 142857143ను ఏడుచే గుణించినచో వచ్చు 1000000001 వంటి, ఎటునుండి చదివినను ఒక్కటియే యగు ఫలములను తొమ్మిదవ శతాబ్దిలోనే మహావీరాచార్యుడు కంఠాభరణములుగా వర్ణించెననియు, ఆతని గ్రంథమగు గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించెననియు, వర్గమును విరిచి కూడినచో మరల తానే యగు సంఖ్యల వెంటబడినవాడు దేవలాలీలోని బడిపంతులు కాప్రేకరనియు చెప్పుచు, ఎదుటివాని బస్సు తప్పించును.

ఇంతటి జ్ఞాపకశక్తిలో మనుష్యుల పేళ్లకు మాత్రము చోటు లేదు. క్వార్టరు సంఖ్య 1001గా గల పొరుగువాడు మొన్న ఎదురుపడగా, ఆ సంఖ్య యొక్క కారణాంకములు తప్ప మరేమియు స్ఫురింపక, "ఏమండీ, ఏడూ, పదకొండూ, పదమూడూ కులాసాయేనా?" అని కుశలప్రశ్న వేసెను. పిల్లల వయస్సులడుగుచున్నాడని తలచిన ఆ అమాయకుడు మిక్కిలి సంతసించి, "పెద్దవాడికి నిన్ననే పద్నాలుగు వచ్చిందండీ!" అనెను.

మా సంఖ్యోపాసకుని మొగము వెలవెలబోయెను. క్షణకాలము కన్నులు మూసి గుణించుకొని, "అయితే తమరు తక్షణం 1078కి మారక తప్పదు" అనెను.