ఫ్యామిలీ సెక్షన్ మేడ మీద!

హైదరాబాద్‌ను 2019లో యునెస్కో రుచుల నగరాల జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ ఊరి నుంచి వచ్చి, చార్మినారూ జూపార్కూ తిరిగి, ఆకలికి సొమ్మసిల్లిన పిల్లలతో ఉన్న కుటుంబానికి హోటల్లో ముందు ఎదురయ్యేది బాణం గుర్తు: ‘ఫ్యామిలీ సెక్షన్ మేడ మీద’. నిటారు మెట్లు, చంకలో చంటిది, చేతిలో సంచి.

పైన పిల్లల కుర్చీ ఒకటే. అందులో టిష్యూ పేపర్ కట్టలు దర్జాగా కూర్చుని ఉంటాయి. ‘కారం లేనిదేముంది బాబూ?’ అంటే సర్వర్ బుర్ర గోక్కుని, ‘ఐస్‌క్రీమ్ మేడమ్’ అంటాడు.

చివరికి ఇరానీ హోటల్లో పాలల్లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టే దిక్కు. అక్కడ మెట్లెక్కే పనీ లేదు!

అన్నట్టు, సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. మేడ మీద ఇచ్చే బిల్లుకు ఇంకా వినపడినట్టు లేదు.