చెడ్డపేరే సాక్ష్యమనుకున్నాను

‘ఎవరు’ సినిమా చివరి ఘట్టం చూశాక నా మీద నాకే కోపం వచ్చింది. వెంకట్ రామ్‌జీ దర్శకత్వంలో 2019 ఆగస్టులో వచ్చిన ఆ సినిమాకు ‘ది ఇన్విజిబుల్ గెస్ట్’ అనే స్పానిష్ చిత్రం ఆధారం. డీఎస్పీ అశోక్ హత్య కేసులో చిక్కుకున్న సమీర దగ్గరికి లంచగొండిగా పేరుమోసిన ఎస్సై విక్రమ్ వాసుదేవ్ వస్తాడు. నిజం చెబితేనే కాపాడగలనంటూ ఒక్కో అబద్ధాన్నీ విప్పిస్తాడు. తీరా చూస్తే అతను ఆ ఎస్సై కానే కాదు. కనిపించకుండా పోయిన వినయ్ వర్మ కొడుకు ఆదర్శ్. తండ్రి ఏమయ్యాడో తెలుసుకోవడానికే ఆ వేషం కట్టాడు.

సమీర కేసు భయంతో నమ్మింది. నాకే భయమూ లేదు. లంచగొండి అన్న ఒక్క మాట వినగానే, ఆ మనిషి గురించి ఇంక తెలుసుకోవాల్సింది లేదనుకున్నాను.

కోలార్ బంగారు గనుల ప్రాంతంలోని ఊరిగాంలో, గని కార్మికుల ఇళ్ల వరుసైన మా లైన్లో ఉండే ఒక పెద్దాయన విషయంలోనూ సరిగ్గా అదే చేశాను. బంగారపు రాయి దాచి దొరికిపోయాడనీ, అందుకే పని పోయిందనీ చిన్నప్పుడు విన్నాను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి గానీ ఆ పుకారు ఆగలేదు. మా ఇళ్ల మధ్య చీటీ మొదలుపెట్టినప్పుడు ఆయన పేరు వద్దని నలుగురి ముందూ అన్నది నేనే.

సినిమా చూసిన తర్వాత ఆయన దగ్గరికి వెళ్లి అడిగాను. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరిందని, ఇక లోపలికి దిగొద్దని డాక్టరు చెప్పడంతో పని మానేశాడట. దొంగతనం ఊసే లేదు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదన్నాను.

“అడిగినోళ్లుంటే కదప్పా, చెప్పేది!”

1930లో, బంగారం దొంగతనాలు ఆపే పేరుతో గనుల కంపెనీలు వేలిముద్రలు తీసుకోబోతే ఇక్కడి కార్మికులు సమ్మెకు దిగారు. మేమేం దొంగలమా అని నిలదీశారు. ఆ తరం తన మీద పడనివ్వని మచ్చను, అదే నేల మీద పుట్టిన నేను ఒక కార్మికుడికి అంటగట్టాను. చదువుకున్నవాణ్ణి, ఒక్కసారి తలుపు తట్టి అడగలేకపోయాను.

చీటీ కట్టేవాళ్లందరినీ పిలిచి, ఆయన ఎదుటే తప్పు నాదని చెప్పాను. పోగొట్టిన పరువు ఒక్క మాటతో తిరిగి రాదు. అందుకే ఆ పుకారు ఎక్కడ వినబడినా, అది అబద్ధమనీ, దాన్ని మోసినవాళ్లలో నేనూ ఉన్నాననీ చెబుతున్నాను.